గాయపడ్డ మనిషిని నిలబెట్టింది ఏమిటి?

(ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు దయచేసి ముందుకు రండి, ఈ పక్క కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. చెప్పాల్సింది కాస్త ఎక్కువే ఉంది, అంతసేపు నిలబడితే కాళ్ళు పీకుతాయి.

ఒక మనిషితో మొదలుపెడతాను. పేరు పబ్లియస్ సెక్స్టియస్ బాకులస్. రోమన్ సైన్యంలో సెంచూరియన్. సెంచూరియన్ అంటే దాదాపు 80 మంది సైనికుల మీద అధికారి. దూరంగా గుర్రం మీద కూర్చుని ఆజ్ఞలిచ్చే అధికారి కాదండి. వాళ్ళతో పాటు నేల మీద నిలబడి, వాళ్ళకంటే ఓ అడుగు ముందే ఉండి కొట్లాడేవాడు. క్రీ.పూ. 53లో ఈ బాకులస్ జబ్బుపడి శిబిరంలో ఉన్నాడు. అయిదు రోజులుగా నోట్లోకి ముద్ద పోలేదు. శిబిరంలో కొంతమంది ధాన్యం కోసుకురావడానికి బయటికి వెళ్ళారు. సరిగ్గా ఆ సమయంలో రైన్ నది దాటి వచ్చిన జర్మన్ ఆశ్వికులు ద్వారం మీద పడ్డారు. లోపల ఒకటే గగ్గోలు. ఎవరెక్కడ నిలబడాలో ఎవరికీ తెలియదు.

బాకులస్ గుడారంలోంచి బయటికొచ్చాడు. చేతిలో ఆయుధం లేదు. ద్వారం దగ్గర పరిస్థితి చూశాడు. పక్కనున్న సైనికుడి చేతిలోంచి ఆయుధాలు తీసుకుని వెళ్ళి ద్వారంలో నిలబడ్డాడు. అంతే. అతన్ని చూసి మిగతా సెంచూరియన్లు వచ్చి పక్కన నిలబడ్డారు. కాసేపు వాళ్ళే ఆ దాడిని ఆపారు. ఒంటి నిండా గాయాలై బాకులస్ స్పృహ తప్పాడు. అప్పుడు వెనకున్నవాళ్ళు అతన్ని చేతుల మీదుగా, ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి అందించుకుంటూ లోపలికి చేర్చి, ఎలాగో బతికించారు.

ఇది రాసింది ఆ సైన్యానికి సేనాని అయిన సీజర్. తన యుద్ధాల గురించి తనే రాసుకున్న వృత్తాంతంలో రాశాడు. అందులో బాకులస్ మూడు చోట్ల కనిపిస్తాడు. నాలుగేళ్ళ ముందు, క్రీ.పూ. 57లో, సాంబ్ర నది ఒడ్డున కూడా ఇంతే. అప్పుడూ ఒంటి నిండా గాయాలు, నిలబడలేని స్థితి. అంటే మొదటిసారి అంత దెబ్బ తిన్న మనిషి కోలుకుని మళ్ళీ వచ్చాడు. మళ్ళీ నిలబడ్డాడు. ఈ ద్వారం తరవాత సీజర్ అతని ఊసెత్తలేదు.

నా ప్రశ్న ఒక్కటే. ఆ మనిషిని నిలబెట్టింది ఏమిటి? ధైర్యం అంటారా? సరే, ధైర్యమే. మరి ఆ ధైర్యానికి తిండి ఎక్కడిది? ధైర్యం ఉత్త గాలిలో నిలబడదండి. దాని కింద కడుపు ఉంటుంది, నిద్ర ఉంటుంది, పక్కన ఇంకో మనిషి ఉంటాడు, కట్టు కట్టే చెయ్యి ఉంటుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఆ కిందున్న వాటి గురించి.

ముందు కడుపు సంగతి చూద్దాం. క్రీ.పూ. 218, డిసెంబరు. ఉత్తర ఇటలీలో ట్రెబియా నది. అటు రోమ్ మీదికి దండెత్తి వచ్చిన హానిబాల్, ఇటు రోమన్ సేనాని సెంప్రోనియస్. తెల్లవారుజామున హానిబాల్ ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన తన నుమిడియా ఆశ్వికులను పంపి రోమన్ శిబిరాన్ని కవ్వించాడు. సెంప్రోనియస్ రెచ్చిపోయి సైన్యం మొత్తాన్ని బయటికి తీశాడు. ఎవరూ ఏమీ తినలేదు. మంచు పడుతోంది. రాత్రి కురిసిన వానకు నది పొంగి ఉంది. ఛాతీ దాకా వచ్చే ఆ చల్లటి నీళ్ళలో దిగి దాటారు. అవతలి ఒడ్డుకు చేరేసరికి ఒళ్ళు బిగుసుకుపోయి ఆయుధం పట్టుకోవడమే కష్టమైంది. పొద్దెక్కేకొద్దీ ఆకలి కూడా తోడైంది.

అవతల హానిబాల్ సైనికులేం చేస్తున్నారు? పొద్దున్నే తిన్నారు. గుర్రాలకు మేత పెట్టారు. నెగళ్ళు వేసుకుని, వాటి చుట్టూ కూర్చుని ఒంటికి నూనె రాసుకుంటున్నారు. మనవాళ్ళు చలికాలంలో పిల్లలకు నూనె ఎందుకు రాస్తారో అందుకే. నన్నడిగితే ఆ యుద్ధంలో సగం ఆ నెగళ్ళ దగ్గరే తేలిపోయింది. అయినా చూడండి, ఆ స్థితిలో కూడా రోమన్ పదాతిదళంలో సుమారు 10,000 మంది ఎదురుగా ఉన్న వరసను చీల్చుకుని బయటపడ్డారు. తిని ఉంటే ఏమయ్యేదో!

రోమన్ సైనికుడికి రేషన్ పిండిగా ఇవ్వరు, గోధుమలుగా ఇస్తారు. గుడారానికి ఎనిమిది మంది. తిరగలి ఉంటుంది, వాళ్ళే విసురుకోవాలి, వాళ్ళే రొట్టె కాల్చుకోవాలి. తాగడానికి పుల్లటి ద్రాక్ష సారా కలిపిన నీళ్ళు. తప్పు చేసిన దళానికి గోధుమలు ఆపి బార్లీ ఇచ్చేవాళ్ళు. అది శిక్ష. బార్లీ పశువుల మేత అని వాళ్ళ లెక్క. ఇప్పుడు ఊహించుకోండి. రోజంతా నడిచి, సాయంత్రం కందకం తవ్వి, చేతులు బొబ్బలెక్కి ఉన్న మనిషి గుడారంలో కూర్చుని తిరగలి తిప్పుతున్నాడు. ఆ తరవాతే ఏదైనా తినేది.

నడక అన్నాను కదా. ఒక లెక్క ఉంది, తరవాతి కాలంలో వెజిటియస్ అనే ఆయన రాసింది. కొత్తగా చేరినవాళ్ళతో వేసవి పగటి లెక్కలో అయిదు గంటల్లో 20 రోమన్ మైళ్ళు నడిపించాలట. మన లెక్కలో 30 కిలోమీటర్లకు కాస్త తక్కువ. 60 రోమన్ పౌండ్ల బరువు, అంటే దాదాపు 20 కిలోలు, మోస్తూ నడవడం అలవాటు చేయించాలట. జోసెఫస్ అనే యూదు చరిత్రకారుడు రోమన్ల మీద యుద్ధం చేసి, ఓడి, వాళ్ళ మధ్యే బతికినవాడు. ఆయన రోమన్ సైనికుడి భుజాన ఏమేం ఉంటాయో చెప్తాడు. రంపం, బుట్ట, పార, గొడ్డలి, కొడవలి, తోలు పట్టీ, గొలుసు, మూడు రోజుల తిండి. బరువెత్తిన కంచరగాడిదకూ ఇతనికీ పెద్ద తేడా లేదంటాడు. ఆ నడక అయ్యాక, శత్రువు దగ్గరలో ఉన్నా లేకున్నా, రాత్రి పడుకోబోయే చోట చుట్టూ కందకం తవ్వి కట్ట పోయాలి. ఎందుకో తెలుసా? నిద్ర కోసం. అలిసిపోయిన మనిషికి కంటి నిండా నిద్ర ఉంటే రేపు మళ్ళీ లేస్తాడు. ఆ కందకం వాళ్ళ నిద్రకు కట్టిన గోడ. నాకు రోమన్ల గొప్పతనం వాళ్ళ కత్తిలో కంటే పారలోనే ఎక్కువ కనిపిస్తుంది.

మరి ఆ నిద్ర కూడా లేకపోతే? ఇక్కడ కాస్త ఆగుతాను. ఈ ఘట్టం నాకు చాలా ఇష్టం.

క్రీ.పూ. 54, చలికాలం. ఈనాటి బెల్జియం ప్రాంతంలో నెర్వీ తెగవాళ్ళ నేల. అక్కడ ఒక లీజియన్, అంటే వేల మంది ఉండే రోమన్ దళం, చలికాలపు శిబిరం వేసుకుని ఉంది. దాని సేనాని క్వింటస్ సిసిరో. పేరు విన్నట్టుందా? మహావక్త సిసిరో ఉన్నాడే, ఆయన తమ్ముడు. ఒంట్లో బాగాలేని మనిషి. ఉన్నట్టుండి వేలాది మంది వచ్చి శిబిరాన్ని చుట్టుముట్టారు. ఆ రాత్రే సైనికులు, కోటకని తెచ్చి పెట్టుకున్న కలపతో, 120 బురుజులు లేపారు. ఒక్క రాత్రిలో! మర్నాడు పొద్దంతా యుద్ధం. రాత్రి మళ్ళీ పని. కాల్చి మొన తేల్చిన కర్రలు చెయ్యాలి, గోడ మీంచి విసిరే ఈటెలు చెయ్యాలి, కూలిన చోట పూడ్చాలి. రోజూ ఇదే. జబ్బుపడ్డవాళ్ళకూ గాయపడ్డవాళ్ళకూ కూడా రాత్రి నడుం వాల్చే వీల్లేదని సీజర్ రాశాడు. సేనాని సిసిరో కూడా పడుకోలేదు. ఒళ్ళు బాగాలేకపోయినా రాత్రుళ్ళు తిరుగుతూనే ఉన్నాడు. చివరికి సైనికులే చుట్టూ చేరి, బలవంతాన ఆయన్ని పడుకోబెట్టాల్సి వచ్చింది.

ఆ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. తమకే కంటి మీద కునుకు లేదు. తమ ఒళ్ళే హూనమై ఉంది. అయినా ఆ మనుషులు వచ్చి, అయ్యా మీరు కాస్త పడుకోండి అన్నారు. అలా అనగలిగిన సైన్యం అంత తేలిగ్గా విరగదు.

ఏడో రోజు పెద్ద గాలి లేచింది. శత్రువులు నిప్పులా కాల్చిన మట్టి ఉండలు వడిసెలతో విసిరారు. శిబిరంలో గుడిసెలన్నీ గడ్డి కప్పులు. అంటుకున్నాయి. గాలికి మంట శిబిరమంతా పాకింది. ఆ గుడిసెల్లో ఏమున్నాయి? వాళ్ళ సామాను, వాళ్ళ బట్టలు, ఇన్నేళ్ళు కూడబెట్టుకున్నదంతా. అవతల నిచ్చెనలు వేసి శత్రువు గోడ ఎక్కుతున్నాడు. వెనక ఇల్లు కాలుతోంది. ఒక్కడు కూడా గోడ దిగలేదు. దిగడం కాదండి, దాదాపు ఎవరూ తల తిప్పి వెనక్కి చూడను కూడా లేదు. వీపుకు సెగ తగులుతూనే ఉంది, చూపు మాత్రం ముందుకే.

సిసిరో పంపిన వార్తాహరులను పట్టుకుని, సైనికుల కళ్ళ ముందే చిత్రహింస పెట్టి చంపారు. చివరికి ఒక బానిస, ఆ ప్రాంతపు గాల్ జాతివాడే, ఉత్తరాన్ని ఈటెకు కట్టుకుని దాటిపోయాడు. సీజర్ జవాబు పంపాడు. అది కూడా ఒక ఈటెకు కట్టే. వస్తున్నాను, ధైర్యంగా ఉండండి అని. తెచ్చినవాడు దగ్గరికి రాలేక దూరం నుంచి ఈటె విసిరాడు. అది పోయి ఒక బురుజుకు గుచ్చుకుంది. రెండు రోజులు ఎవరూ చూడలేదు! రెండు రోజుల పాటు, చావుబతుకుల్లో ఉన్న ఆ మనుషుల తలల మీదే వాళ్ళు ఎదురుచూస్తున్న మాట గుచ్చుకుని ఉంది. అలసట అంటే అదండి. కన్ను తెరిచే ఉంటుంది, ఏమీ కనపడదు. మూడో రోజు ఒక సైనికుడి కంట పడింది. సిసిరో దాన్ని అందరికీ చదివి వినిపించాడు. కాసేపటికి దూరంగా పొగలు కనిపించాయి. సీజర్ వస్తున్న దారిలో కాలుతున్న పల్లెల పొగ. ఆ పల్లెల్లో కాలింది ఎవరి ఇళ్ళో కూడా మనం మరిచిపోకూడదు. ఆ నేల నెర్వీలది. వాళ్ళ నేల కోసం వాళ్ళు కొట్లాడారు.

సీజర్ వచ్చి ఆ లీజియన్‌ను వరసగా నిలబెట్టి చూశాడు. పదిమందిలో ఒక్కడు కూడా గాయం లేకుండా మిగల్లేదు. తరవాత ఆ సెంచూరియన్లను పేరుపేరునా పిలిచి మాట్లాడాడు.

పేరుపేరునా. దీన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు. ఆరేళ్ళ తరవాత, క్రీ.పూ. 48లో, రోమన్లలో రోమన్లకే జరిగిన అంతర్యుద్ధంలో, ఈనాటి అల్బేనియాలోని డిరాకియం దగ్గర ఒక చిన్న కోటను సీజర్ మనుషులు కాపాడారు. ఆ కోటలో గాయపడనివాడు ఒక్కడు లేడు. లోపల పడ్డ బాణాలు లెక్కపెడితే సుమారు 30,000. స్కీవా అనే సెంచూరియన్ డాలు తెచ్చి చూపిస్తే అందులో 120 చిల్లులు. సీజర్ అతనికి 2 లక్షల సెస్టర్సులు, అంటే రోమన్ నాణేలు, ఇచ్చి, పై హోదాకు ఎత్తాడు. ఆ దళానికి రెట్టింపు జీతం, రెట్టింపు ధాన్యం, బట్టలు ఇచ్చాడు. చూశారా, మెచ్చుకోలు కూడా గోధుమల్లోనే! ఇవన్నీ రాసింది గెలిచిన సేనాని, తన పేరు నిలబెట్టుకోవడానికి రాశాడు. అది గుర్తుపెట్టుకునే చదవాలి. అయినా చిల్లులు లెక్కపెట్టిన సేనాని దగ్గర పనిచెయ్యడం వేరు, లెక్కపెట్టనివాడి దగ్గర వేరు.

ఇప్పుడు గాయం దగ్గరికి వద్దాం. బాకులస్‌ను చేతుల మీదుగా లోపలికి తెచ్చారు కదా. తరవాత? ఇక్కడ ఆసుపత్రుల్లో పనిచేసినవాళ్ళు ఉంటే ఇది మీకు బాగా అర్థమవుతుంది.

టైబీరియస్ చక్రవర్తి కాలంలో సెల్సస్ అనే ఆయన వైద్యం మీద పెద్ద గ్రంథం రాశాడు. గాయం వాచినప్పుడు నాలుగు లక్షణాలు ఉంటాయన్నాడు. ఎరుపు, వాపు, వేడి, నొప్పి. ఇవాళ్టికీ వైద్య విద్యార్థులు ఆ నాలుగూ చదువుతారు. రక్తం ఆగకపోతే ముందు పొడి నార కుక్కాలి, దాని మీద చల్లటి నీళ్ళలో ముంచి పిండిన స్పాంజి పెట్టి చేత్తో నొక్కాలి. ఆగలేదా, నార మార్చి మళ్ళీ పెట్టాలి. ఇంకా ఆగలేదా, నారను వెనిగర్‌లో తడపాలి. అప్పటికీ కారుతుంటే ఆ రక్తనాళాన్నే పట్టుకుని రెండు చోట్ల దారంతో ముడెయ్యాలి. రెండు వేల ఏళ్ళ కిందటి మాట ఇది.

ఇక బాణం. బాణం దిగితే వచ్చిన దారిన వెనక్కి లాగాలా, ముందుకు తోసి అవతల నుంచి తియ్యాలా? సెల్సస్ దీని మీద చాలా జాగ్రత్తగా చెప్తాడు. లోతుగా పోకపోతే, పెద్ద నాళాలు దాటి ఉండకపోతే, వచ్చిన దారినే తియ్యి. చాలా దూరం పోయి, ఇక కొంచెమే మిగిలితే, అవతల కోసి ముందుకు తియ్యి. మరి బాణం మొనకు ముళ్ళుంటే? లాగితే ఆ ముళ్ళు కండను చీల్చుకుంటూ వస్తాయి. ముళ్ళు చిన్నవైతే పట్టకారుతో విరిచెయ్యమన్నాడు. పెద్దవైతే? రాసుకునే రెల్లు కలం తెలుసు కదా మీకు. దాన్ని నిలువునా చీల్చి, గాయంలోకి దించి, ఒక్కో ముల్లునూ ఆ రెల్లు చీలికతో కప్పి, అప్పుడు లాగమన్నాడు. కండకు ముల్లు తగలకుండా. ఆలోచించండి. మత్తుమందు లేదు. సైనికుడిని ఇద్దరు ముగ్గురు అదిమి పట్టుకున్నారు. వైద్యుడు రక్తంలో వేళ్ళు పెట్టి, కంటికి కనపడని ముల్లును వేలి కొసతో వెతికి, దానికి రెల్లు తొడుగుతున్నాడు.

ఆ వైద్యుడు ఎలా ఉండాలో కూడా చెప్పాడు సెల్సస్. వయసులో ఉండాలి, చెయ్యి వణకకూడదు, కుడిచెయ్యి ఎంత ఆడుతుందో ఎడమచెయ్యీ అంత ఆడాలి. జాలి ఉండాలి, రోగిని బాగుచెయ్యాలన్నంత జాలి. కానీ వాడి అరుపులకు చలించి తొందరపడేంత, కొయ్యాల్సిన దానికంటే తక్కువ కోసేంత జాలి ఉండకూడదు. గుండె రాయి చేసుకోవడం అని మనం అంటాం. ఆయన చెప్పింది అది కాదు. గుండె గుండెలాగే ఉండాలి, చెయ్యి మాత్రం వణకకూడదు.

చక్రవర్తుల కాలానికి పెద్ద కోటల్లో ఆసుపత్రులు వచ్చాయి. నడవ, దాని రెండు పక్కలా చిన్న చిన్న గదులు, మధ్యలో వాకిలి. జర్మనీలో నోయిస్ అనే చోట తవ్వకాల్లో అలాంటి ఆసుపత్రి బయటపడింది. అక్కడ మందు మొక్కల అవశేషాలు దొరికాయి. వాటిలో మత్తునిచ్చే హెన్‌బేన్ ఉంది, మెంతులు ఉన్నాయి. మన పోపుల పెట్టెలో ఉండే మెంతులే! రోమ్‌లో ట్రాజన్ చక్రవర్తి స్తంభం మీద ఒక శిల్పం ఉంది. ఒక సైనికుడి తొడకు ఇంకొకడు కట్టు కడుతున్నాడు. కట్టు కట్టేవాడు కూడా సైనికుడి వేషంలోనే ఉన్నాడు. ఆ ట్రాజన్ డేసియా (ఈనాటి రొమేనియా ప్రాంతం) యుద్ధంలో కట్లు అయిపోతే తన బట్టలే చింపి పీలికలు చేసి ఇచ్చాడని కాసియస్ డియో అనే చరిత్రకారుడు రాశాడు.

ఒక చెక్క పలక గురించి చెప్పి చివరి భాగానికి వస్తాను. ఇంగ్లండ్ ఉత్తరాన విండొలాండా అనే కోటలో, తడి మట్టిలో, సిరాతో రాసిన పల్చటి చెక్క పలకలు బయటపడ్డాయి. ఒకదాని మీద ఒక దళం లెక్క ఉంది. మే 18న రాసింది. మొత్తం 752 మంది. వాళ్ళలో 456 మంది వేరే చోట్ల పని మీద ఉన్నారు. కోటలో ఉన్నది 296. అందులో జబ్బుపడ్డవాళ్ళు 15, గాయపడ్డవాళ్ళు 6, కళ్ళు పుసులు కట్టి వాచినవాళ్ళు 10. మిగతా 265 మంది పనికి వస్తారు. అంతే. వీరత్వం లేదు, ప్రశంస లేదు. కానీ ఎవరో గుమస్తా ఒకడు గది గదికీ తిరిగి, కళ్ళ జబ్బు వచ్చినవాళ్ళను కూడా విడిగా లెక్కేసి రాశాడు. స్కీవా డాలు ఎంత ముఖ్యమో నాకు ఈ పలక అంతే ముఖ్యం. యుద్ధం రోజు ఒక్కటే. ఈ కళ్ళు కారుతూ కాపలా కాసే రోజులు వందలు.

ఇక చివరికి. ఇంత ఓర్చుకున్నవాళ్ళకు దక్కిందేమిటి? ముందువైపు గాయాలుంటే రోమ్‌లో గౌరవం ఉంది, నిజమే. వెన్ను చూపలేదని సాక్ష్యం కదా. కానీ మార్కస్ సెర్జియస్ కథ వినండి. హానిబాల్ యుద్ధంలో రెండు దండయాత్రల్లో 23 గాయాలు. కుడిచెయ్యి పోయింది. ఇనుప చెయ్యి చేయించుకుని పెట్టుకుని మళ్ళీ యుద్ధానికి వెళ్ళాడు. తరవాత పెద్ద పదవిలోకి వచ్చాడు. అప్పుడు సాటి అధికారులు ఏమన్నారు? అంగవైకల్యం ఉన్నవాడు పూజకు పనికిరాడు అన్నారు! ఏ చెయ్యి దేశం కోసం పోయిందో ఆ చెయ్యి లేదని.

ఆయన పెద్ద ఇంటివాడు, ఎదురు మాట్లాడాడు. మామూలు సైనికుడు? క్రీ.శ. 14లో తొలి చక్రవర్తి అగస్టస్ చనిపోగానే డాన్యూబ్ వైపు, రైన్ వైపు సైన్యాలు తిరగబడ్డాయి. మా ఒంటికీ ప్రాణానికీ కలిపి రోజుకు పది రాగి కాసులా అని అడిగారు. అదే ఏడాదికి 225 వెండి దీనారాలు. అందులోంచే బట్టలకు, ఆయుధాలకు, గుడారానికి కోత. అగస్టస్, టైబీరియస్ బొమ్మలున్న ఆ వెండి నాణేలు మన నల్గొండ జిల్లాలో కూడా దొరికాయి. వర్తకంలో ఇంత దూరం వచ్చాయి. ఎప్పుడైనా మ్యూజియంలో ఒకటి కనిపిస్తే ఓ నిమిషం ఆగి చూడండి. ఒక సైనికుడు 16 రాగి కాసులు కూడబెడితే అలాంటిది ఒకటి.

లుసిలియస్ అని ఒక సెంచూరియన్ ఉండేవాడు. సైనికుల వీపు మీద ద్రాక్ష కర్ర విరిగేదాకా కొట్టి, ఇంకోటి తే, ఇంకోటి తే అనేవాడట. తిరుగుబాటులో వాణ్ణి చంపేశారు.

రైన్ ఒడ్డున సైన్యం ముందుకు జర్మానికస్ వచ్చాడు, కొత్త చక్రవర్తి టైబీరియస్ దత్తపుత్రుడు. ముసలి సైనికులు ఆయన చెయ్యి పట్టుకున్నారు, ముద్దు పెట్టుకోవడానికన్నట్టు. పట్టుకుని ఆ వేళ్ళు తీసి తమ నోట్లో పెట్టుకున్నారు. ఎందుకు? పళ్ళు లేని చిగుళ్ళు తగలాలని. ఇంకొందరు వంకరపోయిన కాళ్ళూ చేతులూ చూపించారు. బట్టలు విప్పి గాయాల మచ్చలు చూపించారు, వాటి పక్కనే దెబ్బల చారలూ చూపించారు. శత్రువు పెట్టినవి ఇవి, మీరు పెట్టినవి ఇవి. కొందరికి 30 ఏళ్ళు దాటిన సర్వీసు. మమ్మల్ని ఇంకెప్పుడు వదులుతారు అని అడిగారు.

జర్మానికస్ చక్రవర్తి పేరుతో ఉత్తరం చదివాడు. 20 ఏళ్ళు చేసినవాళ్ళకు పూర్తి విడుదల. 16 ఏళ్ళు చేసినవాళ్ళకు శత్రువు వస్తే కొట్లాడటం తప్ప మిగతా చాకిరీ ఉండదు. మరుసటి ఏడాది, క్రీ.శ. 15లో, ఖజానా మొయ్యలేదని చెప్పి టైబీరియస్ ఆ 16 ఏళ్ళ మాటను వెనక్కి తీసుకున్నాడు.

నేను ఇక్కడ ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.